కౌబాయ్ కింద పెళ్లిగుర్రం

కొమురెల్లి తన గుర్రం చాందిని కాళ్ల గజ్జెలు విప్పుతున్నాడు. బారాత్‌లో నడిచే గుర్రానికి గజ్జెలుండాలి గానీ, కౌబాయ్ గుర్రానికి ఎక్కడివి? జరీగుడ్డ తీసేసి తోలు జీను కడుతుంటే ఆ ముసలి తెల్లగుర్రం మెడ తిప్పి అతని భుజం వాసన చూసింది.

పెళ్లికొడుకులంతా పూలకార్లు ఎక్కాక కరీంనగర్‌లో దాన్ని పిలిచే దిక్కే లేకపోయింది. దాన్ని కొనుక్కుపోవడానికి బేరగాడు వెంకటి సాయంత్రం వ్యాన్ తెస్తానన్నాడు. ఇవాళ కొత్త కౌబాయ్ సినిమా మొదటి ఆట. ఊరేగింపులో గుర్రం బాగా నడిస్తే ఇకమీదట ప్రతి సినిమాకూ దాన్నే పిలుస్తానని ఈవెంట్ల కరుణాకర్ మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే కొమురెల్లి పొద్దున్నే ఉలవలు నానబెట్టాడు.

"పొద్దుమూకితె అది ఉంటదా, గివి నానేసినవ్?" అంది భార్య భూమవ్వ.

"ఎందుకుండదే! జర మంచిగ మాట్లాడు."

థియేటర్ ముందు సినిమాలోలా అట్టలతో కట్టిన సారాయి దుకాణం, గడ్డిమోపులు, ఎండకు ఉడికిపోతున్న తోలుకోట్ల అభిమానులు. వాళ్లలో సాయిచంద్ పెద్ద టోపీ పెట్టుకుని చాందిని మీద ఎక్కాడు. బ్యాండు మోగింది, టపాకాయలు పేలాయి. అది బెదరలేదు. అబ్బ, ఎంత దర్జాగా నడిచిందో! కొమురెల్లికి కడుపు నిండిపోయింది.

గేటు దగ్గరికి రాగానే మేడ మీంచి జనం చింపిన కాగితాలు గుప్పించారు.

కాగితాల సంగతి చాందినికేం తెలుసు? తల మీద రాలితే అక్షింతలే. అక్షింతలు పడ్డాయంటే పెళ్లికొడుకు దిగడానికి ముందుకాళ్లు మడిచి మోకరిల్లాలి. బెల్లం పెట్టి పెట్టి కొమురెల్లే నేర్పాడు. బుద్ధిగా మోకరిల్లింది. సాయిచంద్ టోపీతో సహా బోర్లా పడ్డాడు. జనం పడీ పడీ నవ్వారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"ఇజ్జత్ తీసినవ్ గదనే! తీస్కపో దాన్ని," అని అరిచాడు కరుణాకర్.

"సారూ, దాని తప్పు లేదు. నేను నేర్పిందే చేసింది."

కరుణాకర్ అప్పటికే వెనక్కి తిరిగాడు. చాందిని ఇంకా మోకాళ్ల మీదే ఉండి బెల్లం కోసం చూస్తోంది. కొమురెల్లి జేబులోంచి తీసి పెట్టాడు.

సాయంత్రం చాందిని వ్యాన్ ఎక్కనని మొండికేసింది. వెంకటి కర్ర ఎత్తాడు.

"కొట్టకు. నేనెక్కిస్త."

మిగిలిన బెల్లం చూపించి కొమురెల్లే ఎక్కించాడు. వ్యాన్ మలుపు తిరిగింది.

"ఏడికి తోలుకపోతుండో అడగలేవా?" అంది భూమవ్వ ఏడుస్తూ.

"అడిగితె చెప్తడే. గందుకే అడగలే."

పెరట్లో కట్టుకొయ్య పక్కన, పొద్దున నానబెట్టిన ఉలవలు తొట్టి అంచుదాకా ఉబ్బి ఉన్నాయి.