కాడకు లేని బలం

నాట్లు వేసిన నెలకే, మట్టి పరీక్షల కేంద్రంలో పనిచేసే అక్క తమ్ముడి చేతిలో అతని చేని ఫలితాల చీటీ పెట్టింది. "ఒట్టి యూరియాతో ఒళ్లు పెరుగుతుందిరా, కాడకు బలం రాదు. పొటాష్ కూడా వెయ్యి."

"చేను ఇంత పచ్చగా ఉంటే రోగం వెతుకుతావేంటే అక్కా! నీ చదువు సీసాల్లోకే పనికొస్తుంది," అని నవ్వాడు తమ్ముడు.

గింజ పాలు పోసుకునే వేళ ఒక్క గాలివాన వచ్చింది. పక్క చేలన్నీ నిలబడ్డాయి. అతని వరి మాత్రం చాపలా నేలకు పరుచుకుంది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి తమ్ముడు మోకాటి లోతు నీళ్లలో నిలబడి పొటాష్ చల్లుతున్నాడు.

"ఇప్పుడు లేస్తుంది కదక్కా?"

పడిపోయిన పైరు ఇక లేవదని ఆమెకు తెలుసు. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి అతని చెయ్యి పట్టుకుంది. పొటాష్ బిగించిన ఆ పిడికిలి విప్పడం మాత్రం ఆమె వల్ల కాలేదు.