మింగినోళ్ళు, ఉమ్మినోళ్ళు

మిట్టమధ్యాహ్నం. నెత్తిన తట్టెడు ఉప్పు పెట్టుకుని గట్టు మీద నడుస్తున్న నవోమి, గట్టు వంక తిరిగిన చోట తాను తిరగలేదు. తిన్నగా నడుచుకుంటూ పోయి ఉప్పు మడిలో పడింది. తట్ట ఒక పక్క, మనిషి ఒక పక్క. ఉప్పునీళ్ళలో చేతులు తడుముకుంటూ లేచి నిలబడింది కానీ గట్టు ఎటు ఉందో ఆమెకు తెలియలేదు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి అందించడానికి అనుకునేరు! ఆమె రొంటిన దోపుకున్న ఎర్ర చీటీ లాక్కుని రెండుగా చించి నీళ్ళలో పారేశాడు.

"గుడ్డిదానికి కొఠారులో ఏం పని? పో ఇంటికి!"

సంచుల పాకలోంచి నూర్‌బీ ఇదంతా చూసింది. ఆమె చేతిలోని దబ్బనం గోనెలో సగం దిగి ఆగిపోయింది. పాకలో పదిహేనుమంది ఆడవాళ్ళున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. నూర్‌బీ కూడా మెదపలేదు. ఆమె మెదపకపోవడానికి వేరే కారణం ఉంది. ఆ కారణం ఆమె గుండెలో ముల్లులా దిగబడి వారం రోజులైంది.

అల్లూరుకు తూర్పున, సముద్రం వాసన కొట్టే ఆ ఉప్పు కొఠారు కాంట్రాక్టరు జయరామయ్యది. అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో అక్కడికి ఒక డాక్టరుతో తెల్లవ్యాను వచ్చింది. బోదకాలికి కొత్త మందట. మద్రాసులో ఏదో కంపెనీ తయారుచేసిందట. సోమవారం ఒక మాత్ర, గురువారం ఒక మాత్ర, ఊరికే ఇస్తారట. ఊరికే ఇచ్చేదాన్ని కూలివాడు అనుమానిస్తాడని జయరామయ్యకు బాగా తెలుసు. అందుకే ఒక షరతు పెట్టాడు. మాత్ర మింగినవాళ్ళకే ఎర్ర చీటీ, ఎర్ర చీటీ ఉన్నవాళ్ళకే పని.

మాత్ర మింగేటప్పుడు నీళ్ళు పొయ్యడానికి, మింగారో లేదో నోరు తెరిపించి చూడటానికి నమ్మకమైన మనిషి కావలసి వచ్చింది. డాక్టరు నూర్‌బీని ఎంచుకున్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? ఆమె భర్త బడేసాహెబ్ ఏనుగు కాలంత కాలు ఈడ్చుకుంటూ, నెలకోసారి జ్వరంతో వణుకుతూ, ఆరేళ్ళు బాధపడి పోయాడు. ఆ చావు ఇంకెవరికీ రాకూడదని ఆమె కోరిక. భయపడ్డ నవోమికి తనే ధైర్యం చెప్పింది. "నేను మింగుతుండా గదా, నీకేమయ్యేది?" అని బుజ్జగించి దగ్గరుండి మింగించింది. ప్రతివాళ్ళనూ "నాలిక ఎత్తు" అని ఎత్తించి మరీ చూసింది.

ఏడాది తిరక్కముందే నవోమికి ఎదుటి మనిషి మసకైపోయాడు.

"ఉప్పు మీద ఎండ తళతళ కళ్ళు తినేసింది" అన్నాడు డాక్టరు. అందరూ నమ్మారు. ఉప్పు మడుల్లో ముసలయ్యేసరికి కళ్ళు పోవడం తాతల కాలం నుంచీ చూస్తున్నదే. నూర్‌బీ కూడా నమ్మింది. వారం కిందట దబ్బనంలో పురికొస ఎక్కించబోయి నాలుగుసార్లు తప్పిపోయేదాకా నమ్మింది. ఆమె కూర్చునేది పాకలో. తాటాకు కింద, ఎండ పొడ సోకని చోట. మరి ఆమె కళ్ళను ఏ ఎండ తిన్నట్టు?

నవోమి పడ్డ రోజే నూర్‌బీ మందుపాకకు పోయి డాక్టరును అడిగేసింది.

డాక్టరు కసురుకోలేదు. మంచిగానే మాట్లాడాడు. ఆ మంచితనమే ఆమెను మరింత చిన్నబుచ్చింది. లావుపాటి పుస్తకం తెరిచి ఒక పుట మీద వేలు పెట్టాడు.

"చూడమ్మా, వీళ్ళు యానాదులు. నలభై మంది. మీతోపాటే మింగారు. మీకంటే ఎక్కువసేపు మడుల్లో ఉంటారు. ఒక్కరి కళ్ళయినా చెడ్డాయా? మందులో దోషం ఉంటే వాళ్ళకూ రావాలి కదా! నీది వయసు, నవోమిది ఉప్పు. అంతే. సోమవారం కంపెనీ ఆఫీసరు వస్తున్నాడు. ఈ లెక్క చూపిస్తే మందు ఖాయమైపోతుంది. ఆ రోజే రెండో జట్టు మొదలు. ఇరవై లోపు వయసువాళ్ళు. నీ కూతురు ముంతాజ్ పేరు కూడా రాశాను."

చదువుకున్నవాడు పుస్తకం తెరిచి చూపిస్తే కాదనడానికి ఆమె దగ్గర ఏముంది?

బయటికొచ్చేసరికి వాకిట్లో గూడుబండి ఆగి ఉంది. బండిలో జయరామయ్య తల్లి వెంకటశేషమ్మ. ఆమెకూ బోదకాలే. పట్టుచీర అంచు కింద కాలు వాచి మెరుస్తోంది.

"నాకూ ఆ మాత్రలేయో ఇప్పించరా నాయనా, ఈ సలుపు పళ్ళేను" అంటోందామె.

"నువ్వాగమ్మా. ముందు కూలోళ్ళని ఇంకో ఏడు మింగనీ. వాళ్ళకేం కాకుంటే అప్పుడు జూద్దాం" అన్నాడు జయరామయ్య.

గుసగుసగా అనలేదు. పక్కన నూర్‌బీ నిలబడి ఉందని తెలిసే అన్నాడు. గొడ్డు పక్కన నిలబడితే మనం గొంతు తగ్గిస్తామా? ఆ మాట విన్నప్పుడు నూర్‌బీ ఒళ్ళు మండిపోయింది. భర్త పోయిన రోజు కూడా ఆమెకు అంత కోపం రాలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నవోమి వాళ్ళ పాళెంలో చర్చి పందిరి కింద మీటింగు పెట్టారు. ఉప్పు కూలీల సంఘం హజరత్తయ్య పిలిచాడు. పాళెంవాళ్ళు, తురకపేట ఆడవాళ్ళు, యానాది గుడిసెలవాళ్ళు అందరూ వచ్చారు. నవోమిని భర్త తిమోతి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

నూర్‌బీ జయరామయ్య అన్న మాట చెప్పగానే పందిరి అట్టుడికిపోయింది.

"వాళ్ళమ్మకి మంచిదో కాదో మన ఒంటి మీద జూస్తుండాడా!"

"మన మీద కొలత తీసి వాళ్ళకు చొక్కా కుడుతుండారబ్బా!"

"రేపటి నుంచి మింగొద్దు!"

తిమోతి లేచాడు. "మింగొద్దు, సరే. చీటీ లేకుంటే ఏం తింటారు? నా పెండ్లాం చీటీ ఇప్పటికే చించినాడు. నాదీ పోతే ఇద్దరం సముద్రంలో దూకాల. మందు వల్లే అని రుజువేది? డాక్టరేమో పుస్తకం జూపిస్తుండాడు."

"రుజువు మనమే తీస్తాం" అంది నూర్‌బీ. జాకెట్టుకు గుచ్చుకున్న చేతిసూది తీసి పైకెత్తింది. "మాత్ర మింగి మడుల్లో చేసేవాళ్ళు ఇటు నిలబడండి. మింగి నీడలో సంచులు కుట్టేవాళ్ళు అటు. యానాదులు ఆ చివర. ఒకటే సూది, ఒకటే దారం. మూడుసార్లకు ఎక్కాల."

సూది చేతులు మారింది. మొదట నవ్వులాటగానే ఉంది. గడ్డపారలు పట్టే చేతులకు సూది ఎక్కడ లొంగుతుందని ఎకసెక్కాలాడారు. పోను పోను నవ్వులు తగ్గాయి. నిన్నమొన్నటి పడుచువాళ్ళు సూదిని ఆకాశానికెత్తి, కళ్ళు చికిలించి, దారాన్ని గాలిలో పొడుస్తున్నారు. మడుల్లో చేసే ముప్పై మందిలో పదకొండుమంది తప్పారు. నీడలో కుట్టే పదిహేనుమందిలో ఆరుగురు తప్పారు. రోజూ సూదితో బతికేవాళ్ళు! తామూ తప్పుతామని నూర్‌బీకి తప్ప ఆ క్షణం దాకా వాళ్ళకే తెలియదు. ఒకామె సూదిని కింద పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

చివర యానాదులు. నలభైకి నలభై మందీ మొదటిసారికే ఎక్కించారు.

"జూసినారా?" తిమోతి యానాదుల వైపు చెయ్యి చూపించాడు. "డాక్టరు చెప్పిందే నిజమాయె. మందే తప్పయితే ఈళ్ళకెందుకు రాలా? ఇంగేం రుజువు కావాల మనకి?"

హజరత్తయ్య తలవంచుకున్నాడు. వెనకవాళ్ళు లేచి దులుపుకుంటున్నారు. మీటింగు విడిపోయేటట్టుంది.

అప్పుడు యానాది పెంచలమ్మ నోట్లో చుట్ట తీసి నేలకేసి నలిపింది.

"మేం మింగలా" అంది.

"ఏందీ?"

"ఒక్క మాత్ర గూడా మింగలా. మా గుడిసెల్లో ఎవురూ మింగలా. ఆ మందు వాసన నాకు నచ్చలా. పైపెదవి కింద చిగురుకి అతికించుకోమని అందరికీ నేనే నేర్పినా. మడి కాడికి పోయి ఉమ్మేసేది."

"నేను నీ నోరు చూసినాను గదే!" నూర్‌బీ అరిచింది.

"నువ్వు నాలిక కిందే జూస్తావక్కా. పైపెదవి ఎత్తవు."

నవోమి తిమోతి చెయ్యి వదిలించుకుని, గొంతు వినవచ్చిన దిక్కుకు తడుముకుంటూ నడిచింది. పెంచలమ్మ భుజం చేతికి తగిలింది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

"పెంచలా! పక్కపక్క మడుల్లో ఉప్పు లాగుతుంటిమే! ఒక్క ముంతలో గంజి తాగుతుంటిమే! నాకెందుకు చెప్పలా?"

పెంచలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్తే నువ్వు ఈ బూబక్కకు చెప్తావని భయం. బూబక్క డాక్టరుకు చెప్తదని భయం. చీటీ పోతే మా నలభై మంది నోళ్ళూ ఎండిపోతాయని."

"చెప్పుండేదాన్ని" అంది నూర్‌బీ. అబద్ధమాడలేదు. "నిజంగానే చెప్పుండేదాన్ని. మీ మంచికే అనుకుని చెప్పుండేదాన్ని."

ఆమె అందరి వైపూ తిరిగింది.

"వినండి. పెంచలమ్మ దొంగతనంగా ఉమ్మి తన వాళ్ళని కాపాడుకుంది. తప్పనను. కానీ ఆ పుస్తకంలో వీళ్ళు మింగినట్టే రాసుండారు. వీళ్ళ మంచి కళ్ళు చూపించి, మన చెడ్డ కళ్ళను అబద్ధం చేసినారు. రేపు ఆ లెక్కే కంపెనీకి పోతాది. ఇంకెన్ని ఊళ్ళకు ఈ మాత్ర పంపిస్తారో! నా బిడ్డ కూడా రేపే మింగాల. దాచుకుని ఉమ్మితే లాభం లేదు. పుస్తకం ముందర నిలబడి చెప్పాల."

"చీటీలు చించేస్తాడు" అన్నాడు తిమోతి, కానీ ఈసారి గొంతులో బలం లేదు.

"అందరివీ చించనీ" అన్నాడు హజరత్తయ్య. "మడుల్లో దిగి జయరామయ్య లాగతాడా, వాళ్ళమ్మ లాగతాదా?"

పెంచలమ్మ నవోమి చేతిని తన భుజం మీద నుంచి తియ్యలేదు. "రేపు నేను చెప్తా" అంది.

సోమవారం మందుపాక ముందు వరస కట్టారు. కంపెనీ ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన జయరామయ్య. బల్ల మీద లావుపాటి పుస్తకం. డాక్టరు ఒక్కొక్కరి అరచేతిలో మాత్ర పెడుతున్నాడు. నూర్‌బీ నీళ్ళకుండ పట్టుకుని నిలబడింది. ముంతాజ్ వరసలో మొదటిది.

ముంతాజ్ మాత్ర తీసుకుంది. మింగలేదు. అరచెయ్యి చాపి అలాగే ఉంచింది. రెండో మనిషీ అంతే. పదో మనిషీ అంతే. వరస పొడవునా చేతులు చాచి ఉన్నాయి, ప్రతి చేతిలో తెల్లని మాత్ర ఉంది.

"ఏంది వేషాలు?" జయరామయ్య లేచాడు.

పెంచలమ్మ బల్ల ముందుకొచ్చింది. "రాసుకోండి సామీ. యానాదులు నలభై మంది. ఏడాదిగా ఒక్క మాత్రా మింగలా. ఉమ్మేసినాం."

డాక్టరు ముఖం పాలిపోయింది. "అబద్ధం! నూర్‌బీ, నువ్వే కదా నోరు చూసింది? చెప్పు!"

అందరి కళ్ళూ నూర్‌బీ మీదికి తిరిగాయి. మసకబారిన కళ్ళు కూడా తిరిగాయి. కూతురి అరచేతిలో మాత్ర అలాగే ఉంది.

"నేను సరిగ్గా చూళ్ళేదయ్యా" అంది నూర్‌బీ. "మింగినోళ్ళ కళ్ళు పోయినాయి. ఉమ్మినోళ్ళ కళ్ళు బాగుండాయి. మాకు తెలిసిన లెక్క ఇది. పుస్తకంలో రాయండి."

ఆఫీసరు పుస్తకం మూసేశాడు. "ఇది రాయాల్సిన సంగతి కాదు."

నూర్‌బీ కుండలో నీళ్ళు ఇసకలో వొంపేసింది. ఖాళీ కుండ కింద పెట్టి, మూసిన పుస్తకం మీద చెయ్యి వేసింది.

"రాయండి."

"రాయండి!" అన్నాడు తిమోతి. అతని గొంతు విని నవోమి అంది. ఆపైన ఎవరు అన్నారో ఎవరికీ తెలియదు. నూరు గొంతులు ఒక్కసారిగా అరిచాయి. మాత్రలు ఒక్కొక్కటే వచ్చి బల్ల మీద పడ్డాయి. జయరామయ్య చీటీలన్నీ తెమ్మని కేక వేసేలోగా చీటీలే వాటంతట అవి వచ్చి మాత్రల పక్కన పడ్డాయి.

మందుపాక మీద పడి పుస్తకం దొంగిలించబోయారని కేసు కట్టారు. పోలీసులు నూర్‌బీని, పెంచలమ్మని, హజరత్తయ్యని జీపెక్కించారు. జీపు కదలడానికి గంట పట్టింది. నవోమి ముందు చక్రానికి అడ్డంగా కూర్చుంది. ఆమెను ఎత్తి పక్కన పెడితే ఆ చోట ముంతాజ్ కూర్చుంది. ఆమెను ఎత్తితే ఇంకొకరు కూర్చున్నారు. కొఠారులో ఆ రోజు ఒక్కరూ మడిలో దిగలేదు.

అల్లూరు స్టేషనులో కటకటాల దగ్గర ఒక పెద్దవయసు కానిస్టేబులు కాపలా ఉన్నాడు. కుంటుతున్నాడు. ఎడమకాలికి బూటు పట్టక చెప్పు వేసుకున్నాడు. అటూ ఇటూ చూసి దగ్గరకొచ్చాడు.

"ఏమ్మా, ఆ మాత్ర... తెల్లగా, కొంచెం చేదు వాసన వస్తాదే, అదేనా?"

"అదే."

"పోలీసు లైన్లో ఇంటింటికీ రెండు నెలల నుంచి ఇస్తుండారు. నేను మరిచిపోతుంటా. మా ఇంటామె మాత్రం తప్పకుండా మింగతాది." చెయ్యి చాపాడు. "ఏదో సూది పెట్టి చూసినారంట గదా. ఆ సూది ఇట్టియ్యమ్మా. ఇంటిదాకా పోయొస్తా."

నూర్‌బీ జాకెట్టుకున్న సూది తీసి, దారంతో సహా కటకటాల సందులోంచి ఇచ్చింది.

పొద్దు వాలకముందే అతను తిరిగొచ్చాడు. ఒక్కడే రాలేదు. వెంట పోలీసుల భార్యలు ఏడుగురు ఉన్నారు. అందరికంటే ముందున్న ఆమె ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో ఎక్కని దారం పట్టుకుని ఉంది. కానిస్టేబులు ఎవరి ముఖమూ చూడటం లేదు.

నూర్‌బీ లేచి కటకటాలు పట్టుకుని నిలబడింది. పక్కన పెంచలమ్మ వచ్చి నిలబడింది.

"భయపడబాకండమ్మా" అంది నూర్‌బీ. "ముందు మింగినోళ్ళు ఇటు పక్కకు రండి."