ఓదెలు నలభై చావులు

రోజూ సాయంత్రం ఆరింటికి జూబ్లీహిల్స్‌లోని ఆ వీడియో గేముల ఆఫీసులో అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే, హిమజ మాత్రం శవాలు సర్దేది. ఆమెది టెస్టింగ్ ఉద్యోగం. అంటే ఆట బయటికి రాకముందే తాను ఆడి తప్పులు పట్టడం. పొద్దుటి నుంచీ కోటలో తాను చంపిన భటులను ఒక్కొక్కరినే కాళ్ళు పట్టి ఈడ్చి, గోడవార చేర్చి, వెల్లకిలా పడుకోబెట్టి, అప్పుడు సిస్టం ఆపేది. ఆటలో దానికి పాయింట్లేమీ రావు. అయినా ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ భటులందరూ ఆమె తండ్రి ఓదెలేనని ఆఫీసంతటికీ తెలుసు.

ఓదెలు సినిమా ఫైటరు. ముప్పై ఏళ్ళుగా ఫిల్మ్ నగర్ హీరోల చేతిలో తన్నులు తిని పడటమే ఆయన బతుకుతెరువు. మేడ మీంచి పడ్డాడు, గుర్రం మీంచి పడ్డాడు, ఒకే సినిమాలో ఏడు రకాల మీసాలతో ఏడుసార్లు పడ్డాడు. ఈ ఆట కోసం, ఒంటి కదలికలను కంప్యూటరు పట్టుకునే చుక్కల సూటు తొడుక్కుని నలభై రకాలుగా చచ్చిపడ్డాడు. ఆటలో భటుల ముఖాలు వేరు, పడే ఒళ్ళు మాత్రం ఓదెలుది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక సాయంత్రం హిమజ భటులను ఎక్కడివాళ్ళను అక్కడే వదిలేసి రహమత్ నగర్‌లోని ఇంటికి వచ్చేసింది. వచ్చేసరికి ఓదెలు మంచం మీంచి లేవలేకుండా ఉన్నాడు. ఛాతీ మీద బియ్యం బస్తాలు పెట్టినట్టుందన్నాడు. తల్లి నీలమ్మ, అంట్లు తోమకుండా వదిలేసిన పిల్లను కసిరినట్టు కసిరింది.

"పడ్డోళ్ళను పడ్డకాడ్నే ఇడ్సిపెట్టి వచ్చినవా? జర పక్కకు తీసి పండవెట్టి రావాలె గదనే."

హిమజ మళ్ళీ ఆఫీసుకు పోయి పదకొండు మందినీ సర్దింది. ఆఖరివాణ్ణి పడుకోబెట్టేసరికి ఇంట్లో ఓదెలు లేచి చాయ్ అడిగాడు. ఆ తర్వాత ఆమె ఏనాడూ మరిచిపోలేదు.

టీం లీడు సుహాస్‌ది కాకినాడ. మంచివాడే, కాకపోతే లోకంలో ఏ చిక్కునైనా సాఫ్ట్‌వేరుతో విప్పేయొచ్చని నమ్మే రకం. ఒకరోజు, పడినవాళ్ళు పది సెకండ్లకు మాయమైపోయేలా మార్చి చూశాడు. ఇంట్లో మంచం మీద లుంగీ, బనియనూ మిగిలాయి, ఓదెలు లేడు. ఫోనులో నీలమ్మ కేక విని సుహాస్ ఆ మార్పు తీసేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఓదెలు మంచం మీదికి తిరిగొచ్చాడు. ఎక్కడికి పోయావని కూతురు అడిగితే "గాడ ఏం లేదు" అన్నాడు.

తర్వాతి సోమవారం సుహాస్ ఆమెను పిలిచాడు.

"హిమజ గారూ, శుక్రవారం ట్రయల్ అండీ. బయటివాళ్ళు మూడొందల మంది, ఒకే కోటలో, పదకొండు నుంచి రెండింటి దాకా ఆడతారు."

"చంపి వదిలేసి పోతే, సార్?"

"అసలు ఆటకి వేరే ఆయన్ని పెట్టి పడేవన్నీ మళ్ళీ తీయిస్తానండీ. ట్రయల్ ఆపడం మాత్రం నా చేతిలో లేదు."

"పక్కకు తీయమని వాళ్ళకు చెప్పొచ్చు కదా?"

"ఏమీ చెప్పకూడదండీ. చెబితే ఇంక ట్రయల్ ఎందుకు?"

పదకొండు మందికే లేవలేని మనిషి వందల మంది తన మీద పడితే ఊపిరెలా తీస్తాడు? హిమజ ఆ రాత్రి ఇంట్లో సంగతి చెప్పింది. ఓదెలు మాత్రం తప్పెక్కడుందో తేల్చేశాడు.

"నవ్వే షాటు తియ్యలేదు బిడ్డా."

సినిమావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్నవాణ్ణి లేపి, కెమెరాలోకి నవ్వించి, ఆ నవ్వు కూడా తీశాకే ఇంటికి పంపుతారు. చావు ఇంటిదాకా వెంట రాకూడదని. చుక్కల సూటులో పడినప్పుడూ ఓదెలు ప్రతిసారీ లేచి నవ్వబోయాడు. "ముఖం అక్కర్లేదండీ, ఒళ్ళు చాలు" అన్నారు గేమువాళ్ళు.

"ఇప్పుడు తీయిస్త నాయినా."

"గుమ్మడికాయ కొట్టేసిన్రు గద. పనైపోయిందని గుమ్మడికాయ కొట్టినంక తీస్తే అది చెల్లదు."

శుక్రవారం పదకొండింటికి హిమజ కూడా ఆటలోకి దిగింది. దిగుతూనే బావి పక్కనున్న భటుడు కత్తెత్తి మీదికొచ్చాడు. చేసేది లేక నరికి, వాణ్ణి దాటి కోట గుమ్మం వైపు పరుగెత్తింది. గుమ్మం దగ్గర అప్పటికే ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఆమె ఒక్కతే ఈడ్వసాగింది. ఒకణ్ణి గోడకు చేర్చేలోపు ఐదుగురు పడుతున్నారు.

పదకొండున్నరకు నీలమ్మ ఫోను చేసింది. "కాళ్ళు సల్లవడ్డయే."

పన్నెండుంబావుకు మళ్ళీ చేసింది. "నోరు తెరుస్తలేడు. ఏం జేస్తున్నవే నువ్వు?"

హిమజ ఫోను పక్కన పడేసి మళ్ళీ ఈడ్వసాగింది. ఎర్ర తలపాగా ఆటగాడొకడు ఆగి ఆమెనే చూస్తున్నాడు. తననూ నరికేస్తాడనుకుంది. అతను కత్తి దించి, మెట్ల మీద తాను చంపినవాడి కాళ్ళు పట్టుకున్నాడు. కాసేపటికి ఇంకొకరు వంగారు. తర్వాత మరో నలుగురు. తెర అడుగున వాళ్ళు టైపు చేస్తున్న మాటలు పడుతున్నాయి.

"ఇలా తీస్తే ఏమొస్తుంది?"

"ఏం రాదు."

"మరెందుకు?"

"దారికి అడ్డంగా ఉన్నాడు."

"మెట్ల మీద తల కిందికి వేలాడుతుంటే చూడలేకపోయా."

"ఊరికే. వదిలేసి పోబుద్ధి కాలేదు."

సుహాస్ ఆమె కుర్చీ వెనక నిలబడి చదువుతున్నాడు. "మనం వీళ్ళకేమీ ఇవ్వడం లేదు కదండీ" అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

ఒకటిన్నరకు గోడవార వరసలు కోట చుట్టూ తిరిగొచ్చాయి. నీలమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. "లేసి కూసున్నడే." హిమజ సిస్టం అలాగే వదిలేసి బయటికి పరుగెత్తి ఆటో ఎక్కింది. యూసుఫ్‌గూడ దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా రెండయింది. ఆట మూసేశారు. మూసిన ట్రయలును మళ్ళీ తెరవడం ఇక ఎవరి వల్లా కాదు.

ఇంటికొచ్చేసరికి ఓదెలు మంచం మీద కూర్చుని కుడిచేత్తో చాయ్ తాగుతున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది. హిమజ ముట్టుకుంది. భుజం దాకా చల్లగా ఉంది.

"మూడు నూర్ల మందిల ఎవలో ఒక్కలు ఒక్కణ్ణి మర్సిపోయినట్టున్నరు" అన్నాడు ఓదెలు. "తిట్టకు బిడ్డా. ఆళ్ళకు ఏం తొందరుండెనో."

హిమజకు బావి గుర్తొచ్చింది. చెప్పకుండా ఉండాలనే అనుకుంది, నోరు ఆగలేదు.

"నేనే నాయినా. బావికాడ."

ఓదెలు గ్లాసు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. పడేవాడికి రెండు చేతులూ కావాలి. ఒళ్ళు తాకకముందే నేలను చేతులు పట్టాలి. ఇక ఏ హీరో తన్నినా ఆయన పడలేడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"నన్ను జూడనీకే ఉరికొచ్చినవు గద" అన్నాడు చివరికి.

హిమజ ఆ చేతిని ఎత్తి చెంపకు ఆనించుకుంది. ఎంతసేపు పట్టుకున్నా వేడెక్కలేదు. వదలగానే అది మంచం పట్టె మీదుగా జారి, మణికట్టు దగ్గర ఒకసారి తిరిగి, వేలాడింది.

ఓదెలు దాన్ని కాసేపు చూశాడు.

"మంచిగనే పడ్డది" అన్నాడు.