డ్రిల్లు మాస్టారు తోసిన బండి

నేను ఒక పిల్లల బండిని. పక్కపక్కన రెండు సీట్లు, నాలుగు చక్రాలు, పైన ఒక పొడవాటి పిడి. ఇద్దరు పసివాళ్లను ఒకేసారి కట్టేసి తోసుకుపోవడానికి నన్ను తయారు చేశారు. కట్టేసి అన్నది నా మాట. నాతో వచ్చిన కాగితంలో "సురక్షితంగా బిగించి" అని ఉండేది.

నేను పుట్టింది చైనాలో, ఒక పెద్ద రేకుల షెడ్డులో. నాకు చక్రాలు బిగించిన ఆమెకు ఎక్కడో పల్లెలో ఒక బిడ్డ ఉందట. ఏడాదికోసారి చూసి వస్తానని పక్కామెతో చెప్పుకునేది. తన బిడ్డను తోసుకునే వీలు లేక, ఎవరెవరి బిడ్డల కోసమో రోజంతా చక్రాలు బిగించే మనిషి చేతుల్లోంచి నేను లోకంలోకి వచ్చాను. మనుషుల సంగతి నాకు సగం అక్కడే తెలిసింది.

అట్టపెట్టెలో, ఓడ కడుపులో నెలన్నర ఉండి ఐర్లాండు చేరాను. మొదట నన్ను కొన్నది కవల పిల్లల తల్లి. ఆ కవలలు నా ముందున్న కమ్మీని కొరికి కొరికి దాని మీద రబ్బరంతా ఊడగొట్టారు. వాళ్లకు నడక రాగానే ఆమె నన్ను పాత సామాన్ల దుకాణంలో వదిలేసి, వెనక్కి చూడకుండా పోయింది. ఆమె ముఖంలో అంత సంతోషం రెండేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

ఆ దుకాణంలోంచి నన్ను తెచ్చుకున్నది సలోమి. చీరాల నుంచి వచ్చిన నర్సు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం. ఆమె వచ్చిన ఏడాదికి భర్త ఆశీర్వాదం, మూడేళ్ల కూతురు కెజియా, పాలు మరవని కొడుకు ఎలీషా వచ్చి చేరారు. వాళ్ల కోసమే నేను. వాళ్ల భాష నాకు కొత్త. అయితే రోజుకు పది గంటలు చెవి దగ్గరే వింటే ఇనుముకైనా పట్టుబడుతుంది.

ఆశీర్వాదం చీరాలలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పన్నెండేళ్లు ఎండలో నిలబడి పనిచేసిన మనిషి. ఒక్క విజిల్ వేస్తే మూడొందల మంది పిల్లలు వరసల్లోకి వచ్చేవారట. ఇప్పుడతనికి రెండు గదుల ఫ్లాటు, అందులో ఇద్దరు పిల్లలు. మూడో అంతస్తు. కిటికీలు అరచేతి వెడల్పు మాత్రమే తెరుచుకుంటాయి, పిల్లలు పడిపోకుండా. ఆ సందులో ముక్కు పెట్టి అతను వాన వాసన చూసేవాడు.

నేను కూడా అతని కష్టాల్లో ఒకదాన్నే. కింద వసారాలో బళ్లు పెట్టకూడదని బిల్డింగువాళ్లు నోటీసు అంటించారు. అందుకని నన్ను ఫ్లాటు లోపల, తలుపు వెనక ఇరుకు నడవలో ఉంచారు. బాత్‌రూముకు పోవాలన్నా నన్ను దాటుకునే పోవాలి. పైగా లిఫ్టు తలుపు కంటే నేను రెండు వేళ్లు వెడల్పు. బయటికి పోవాలంటే ముందు పిల్లలిద్దరికీ కోట్లు, బూట్లు తొడగాలి. ఎలీషాను చంకన వేసుకోవాలి. నన్ను మడవాలి. లిఫ్టు తలుపు మూసుకోకుండా నన్ను అడ్డం పెట్టాలి. అప్పటికి కెజియా ఒక బూటు విప్పేసి లోపలికి పరుగెత్తి ఉంటుంది. కొన్ని రోజులు అన్నీ అయి కిందికి చేరాక ఎలీషా గుడ్డలు పాడు చేసుకునేవాడు. మళ్లీ పైకి.

పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్‌లో చేర్చాలని పేర్లు రాయించారు. వరసలో వీళ్లకు ముందు నలభై ఒక్కమంది ఉన్నారని చెప్పారు. "మన నంబరు వచ్చేసరికి మీసాలొచ్చేస్తాయి వీడికి" అన్నాడు ఆశీర్వాదం. సలోమి నవ్వింది. అతను నవ్వలేదు.

అతనికి ఊళ్లో మిగిలింది అక్క ఒక్కతే. పేరు కృపమ్మ. తల్లి పోయాక అత్తవారింటి నుంచి తిరిగొచ్చి అతన్ని పెంచింది ఆమే. అతను పనిచేసిన స్కూల్లోనే పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. గిన్నెలు కడిగి బోర్లించాక తమ్ముడికి ఫోన్ చేసేది. అప్పటికి ఇక్కడ పొద్దున పదిన్నర దాటేది.

ఒకరోజు ఆ ఫోన్ వచ్చేసరికి మేము ఒక ప్రైమరీ స్కూలు పక్కగా పోతున్నాం. ఇంటర్వెల్లు. కంచె అవతల పిల్లలు అరుస్తూ పరుగులు పెడుతున్నారు.

"ఏందిరా ఆ పిల్లకాయల గోల? బళ్లో ఉండావా?" అంది కృపమ్మ.

"ఆ" అన్నాడు ఆశీర్వాదం, ఏదో ఆలోచిస్తూ.

"ఉద్యోగం వచ్చిందా? డ్రిల్లు మాస్టారు గానేనా?"

అతని నడక ఆగిపోయింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడని నాకు తెలుసు. ఈలోగా ఆమె అవతల ఎవరికో కేకేసి చెప్పేసింది. "మా ఆశీర్వాదానికి అక్కడి బళ్లో ఉద్యోగమంట!" వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

"అవునక్కా" అన్నాడు.

"మరి పిల్లకాయల్ని ఎవరు చూస్తుండారు?"

"ఒకామెను పెట్టుకున్నాం."

ఆ ఒకామె ఎవరో కాదు, అతనే.

మర్నాటి నుంచి పదిన్నరకల్లా ఆ కంచె దగ్గరికి చేరడం మాకు దినచర్య అయింది. వానొస్తే నా మీద ప్లాస్టిక్ కవరు కప్పేవాడు. కవరు లోపల పిల్లలిద్దరూ, చేతుల్లో బిస్కెట్లు. "నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు మాట్లాడకూడదు, సరేనా తల్లీ?" అని కెజియాకు నేర్పాడు. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుని తలూపేది. ఫోన్ పెట్టేశాక అతను వంగి "డ్యూటీ అయిపోయిందమ్మా" అనేవాడు. అప్పుడు ఆమె గట్టిగా ఊపిరి వదిలి మాటలు మొదలుపెట్టేది. అక్కడ గడిపిన ఆ పది నిమిషాలూ అతని వెన్ను నిటారుగా ఉండేది. మిగతా రోజంతా నా పిడి మీదికి వంగిపోయి ఉండేవాడు. కూతురు నోరు మూసి తను మనిషిలా నిలబడుతున్నాడని అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ బిస్కెట్ల పొడి సీటులో పడ్డప్పుడల్లా బాధగా ఉండేది.

ఇలా రెండు నెలలు గడిచాయి. నవంబరులో ఒక రోజు కృపమ్మ ముచ్చటపడింది. "ఏదిరా, నువ్వు కేకేస్తే వినాలని ఉంది. ఇక్కడ మన గ్రౌండు మూగబోయింది నువ్వు లేక."

అతను చుట్టూ చూశాడు. తర్వాత గుండె నిండా గాలి పీల్చి, కంచె వైపు తిరిగి అరిచాడు.

"ఏయ్! లైన్ తప్పొద్దు! సావధాన్!"

ఎంత గొంతు! నా గొట్టాలు అదిరాయి. అన్నాళ్లూ ఆ రెండు గదుల్లో అణిచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. కంచె అవతల పిల్లలు ఆటలాపేసి చూశారు. కొందరు నవ్వారు. ఒక చిన్న పాప ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరు టీచర్లు పిల్లల్ని గబగబా లోపలికి తీసుకుపోయారు. అతను గమనించలేదు. ఫోన్లో అక్క నవ్వుతుంటే తనూ నవ్వుతూ నిలబడ్డాడు.

కాసేపటికి ఒక పోలీసామె వచ్చింది. వయసులో చిన్నది, మాట నెమ్మది. ఎవరు మీరు, ఈ స్కూల్లో మీ పిల్లలున్నారా అని అడిగింది. లేరన్నాడు. మరి రోజూ ఇక్కడే ఎందుకు నిలబడుతున్నారని అడిగింది. రెండు నెలలుగా చూస్తున్నామని స్కూలువాళ్లు చెప్పారట. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. దాన్ని కట్ చెయ్యాలని తోచలేదు.

ఆమె వంగి నా కవరు పైకెత్తింది. "హలో" అంది కెజియాతో. "ఈయన మీ నాన్నేనా?"

ఆ మాత్రం ఇంగ్లీషు కెజియాకు వచ్చు. టీవీ చూసి నేర్చుకుంది. అయినా వేలు పెదాల మీద పెట్టుకుంది.

పోలీసామె మళ్లీ అడిగింది. కెజియా కళ్లు పెద్దవి చేసి తండ్రిని చూసింది, ఆమెను చూసింది, తల అడ్డంగా ఊపింది. మాట్లాడకూడదని చెప్పడం ఆ పిల్ల ఉద్దేశం. పోలీసామెకు అది మరోలా అర్థమైంది. లేచి నిలబడి ఒక చెయ్యి నా పిడి మీద వేసింది. అంతవరకు నెమ్మదిగా ఉన్న ముఖం గట్టిపడింది.

"చెప్పమ్మా" అన్నాడు ఆశీర్వాదం. "తల్లీ, చెప్పు, నాన్నే అని చెప్పు." నా పిడి మీద ఒకవైపు అతని చెయ్యి, ఇంకోవైపు ఆమె చెయ్యి. ఎటూ కదల్లేక నేను నడుమ. కెజియా వేలు తియ్యలేదు. చెప్పిన మాట వినే పిల్ల.

అప్పుడతను తడి రోడ్డు మీదే మోకాళ్లు వేశాడు.

"డ్యూటీ అయిపోయిందమ్మా."

"నాన్నా!" అని ఒక్క అరుపు అరిచి ఆ పిల్ల భోరున ఏడ్చింది. బెల్టులు తెంపుకుని అతని మెడకు చుట్టుకోబోయింది. తెగవు కదా, నా బెల్టులు గట్టివి. ఆ క్షణంలో నేను సిగ్గుపడ్డాను. అతను వాటిని ఊడదీసి బిడ్డను గుండెకు హత్తుకుని, పోలీసామెతో తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. నో జాబ్ మేడమ్. నేను టీచర్ని కాదు. మా అక్క నేనీ స్కూల్లో టీచర్ననుకుంటుంది. ఈ చప్పుడు కోసం వస్తాను.

పోలీసామె నోటుబుక్కు తీసి, ఏమీ రాయకుండానే జేబులో పెట్టేసుకుంది.

తర్వాత హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. మీ పరిస్థితి అర్థమైంది, తల్లిదండ్రులు భయపడుతున్నారు, దయచేసి ఇక్కడ మళ్లీ నిలబడకండి అంది. అతను తలూపాడు. పోలీసామె అతని గుర్తింపు కార్డు చూడటానికి మాతోపాటు ఇంటిదాకా నడిచింది. వీధిలో జనమంతా మమ్మల్నే చూశారు. లిఫ్టు దగ్గర సాయం చేద్దామని నన్ను మడవబోయి ఆమె వేలు నలగ్గొట్టుకుంది. "రోజూ ఇంత పనా?" అని అడిగింది. అతను ఎలీషాను చంక మార్చుకున్నాడు. ఆమె కార్డు చూసి వెళ్లిపోయాక అతను జేబులో ఉన్న ఫోన్ తీసి చూసుకున్నాడు. అవతల అక్క ఎంతవరకు విందో, లైను ఎప్పుడు తెగిందో తెలియదు.

సాయంత్రం సలోమి డ్యూటీ దిగి వచ్చింది. అతను చెప్పాడు. ఆమె కోటు విప్పకుండా నడవలో నా మీదే చతికిలబడింది.

"ముసలోళ్లకి ఒళ్లు తుడుస్తా నేను. అది చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు. మన పిల్లల ఒళ్లు తుడిచేది చెప్పుకోడానికి నీకు సిగ్గయిందా?"

"సిగ్గు కాదు."

"మరేంది?"

"ఊపిరాడటం లేదు సలోమీ. అక్కడ పది నిమిషాలు ఆడేది."

నిన్ను తెచ్చి ఈ గదుల్లో పెట్టింది నేనేగా అని ఆమె తనలో తను అనుకున్నట్టు అంది. ఇద్దరికీ వేరే దారి లేదు. పొద్దున్నే ఆమె డ్యూటీకి పోవాలి, అతను ఉండాలి.

మూడు రోజులు కృపమ్మ ఫోన్ రాలేదు. పదిన్నర కాగానే అతను ఫోన్ వంక చూసేవాడు. పోవడానికి చోటు లేదు. కిటికీ సందు దగ్గర నిలబడి, మళ్లీ వచ్చి నా చక్రాల పక్కన నేల మీద కూర్చునేవాడు. నాలుగో రోజు మోగింది.

"పిల్లోడు నిద్రపోయినాడా?" అంది కృపమ్మ. తిట్టలేదు. స్కూలు మాటెత్తలేదు.

"ఆ, ఇప్పుడే."

"అన్నం ఎవరు వండుతుండారు?"

"నేనే."

ఆమె గొంతు తగ్గించి, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది. "సలోమి నిన్ను బాగా చూసుకుంటుందా? వేళకి తింటుండావా? ఏమన్నా అంటుందా?"

అత్తవారింటికి పంపిన ఆడపిల్లను అడిగినట్టు అడిగింది. ఆశీర్వాదం గోడకు తల ఆనించాడు. కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నా గొంతు మామూలుగా పెట్టుకుని చెప్పాడు.

"బాగానే చూసుకుంటుందక్కా. నాకేం లోటు లేదు."

"ఊఁ" అంది కృపమ్మ. "అమ్మ అడిగినప్పుడు నేనూ ఇట్టానే చెప్పేదాన్ని."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. కెజియా గదిలోంచి వచ్చి, తండ్రి చేతిలో ఫోన్ చూసి, అలవాటుగా వేలు పెదాల మీద పెట్టుకుంది. అతను ఆ వేలు పట్టుకుని మెల్లగా తీసేశాడు. "మాట్లాడమ్మా. మీ అత్త." ఆ పిల్ల తన బూటు పోయిందని చెప్పింది. ఏ కాలిదని అడిగింది కృపమ్మ.

ఆ తర్వాత గొప్ప మార్పేమీ రాలేదు. గదులు పెద్దవి కాలేదు, లిఫ్టు తలుపు వెడల్పు కాలేదు. చలికాలాలు రెండు గడిచాయి. మేము స్కూలున్న వీధి వదిలి చుట్టుదారిన పోయేవాళ్లం. కృపమ్మ ఇంట్లోకే ఫోన్ చేసేది. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో అతను అడిగేవాడు. ఒక్కోరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా, ఆమె అక్కడ గిన్నెలు సర్దుతుంటే అతను ఇక్కడ గిన్నెలు కడిగేవాడు.

చివరికి వరసలో వీళ్ల నంబరు వచ్చింది. కెజియా అప్పటికే బడికి పోతోంది. ఎలీషా క్రెష్‌లో చేరాడు. ఆశీర్వాదానికి ఒక బేకరీలో పని దొరికింది, సోమవారం నుంచి. శుక్రవారం పొద్దున అతను నన్ను పాత సామాన్లు పడేసే యార్డుకు తోసుకుపోయాడు. దారిలో ఒక ముసలామె పిల్లల్ని చూద్దామని నవ్వుతూ వంగింది. ఖాళీ సీట్లు చూసి గతుక్కుమంది. "వాళ్లు బడికి పోయారు" అన్నాడతను, తప్పు చేసినవాడిలా.

యార్డులో పనివాడు నన్ను ఇనుప సామాను పక్కన పెట్టమని చెప్పాడు. ఆశీర్వాదం పెట్టాడు. ఒకసారి నా పిడి తుడిచాడు. దేనికో నాకు తెలియదు, పారేసే దానికి తుడవడమెందుకు? ఆ తర్వాత వెళ్లిపోయాడు.

నేనున్న చోటునుంచి గేటూ, దాని ముందున్న రోడ్డూ కనబడతాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, వెనక కట్టుకున్నాడు, మళ్లీ వదిలేశాడు. రోడ్డు దాటే చోట ఆగాడు. కార్లు పోతున్నాయి. అతని రెండు చేతులూ వాటంతటవే నడుమెత్తుకు లేచి, ముందు ఏదో ఉన్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి. దారి ఖాళీ అయ్యాక అలాగే, చేతులు దించకుండానే, దాటి వెళ్లాడు.