ఫైలులో మిగిలిన వకీలు

ఫోను వచ్చినప్పుడు మా ఆయన బనీను మీద ఉన్నాడు. నేను ఆయన చొక్కాకి గుండీ కుడుతున్నాను. పెళ్ళయి పదకొండు రోజులు. ఆ పని ఎంత నచ్చిందంటే, ఊడనివి కూడా రెండు కత్తిరించి మళ్ళీ కుట్టాను.

"ఎన్నికల కేసు మొత్తం నాదే!" అన్నాడు ఫోను పెట్టేసి. "సీనియర్ గారు స్వయంగా చెప్పారు. రేపు కోర్టులో లేచి మాట్లాడేది నేనే."

ఆ కేసు గురించి పేపర్లు రోజూ రాస్తున్నాయి. నూట తొంభై ఓట్లతో ఓడిపోయిన ఒక నాయకుడు, చనిపోయిన రెండువందల పన్నెండు మంది పేర్ల మీద దొంగ ఓట్లు పడ్డాయనీ, ఎన్నిక కొట్టెయ్యాలనీ కోర్టుకెక్కాడు. ఆయన తరఫున ఐదుగురు వకీళ్ళు. మా ఆయన ఐదోవాడు. అప్పటిదాకా ఆయన పని ఫైళ్ళు మోయడం, సీనియర్ గారి కళ్ళజోడు వెతకడం.

"మిగతా నలుగురూ ఏమయ్యార్రా?" అని అడిగారు మా అత్తగారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు.

"తప్పుకున్నారమ్మా. నిన్న జడ్జిగారు ఒప్పుకున్నారట. పెద్ద లాయరుగారికి మోకాళ్ళ నొప్పులు. రెండో ఆయనకి సొంత పనులు. మూడో ఆయన కూతురికి పరీక్షలు."

"ఆ పిల్ల ఎల్‌కేజీ కదూ?"

"సీనియర్ గారు మాత్రం కుర్రవాళ్ళని పైకి తేవాలని."

"అందరూ దిగిపోయిన బండికి నిన్ను డ్రైవర్ని చేశారన్నమాట," అన్నారు ఆవిడ, తువ్వాలు మడతపెడుతూ.

నేనా మాట పట్టించుకోలేదు. మా అమ్మకి ఫోను చేశాను. నేను పెట్టేసేలోపే ఆవిడ వాళ్ళ వీధంతా చెప్పేసింది.

తర్వాత మా ఆయన ఫైలు తెరిచి పై కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. అది జడ్జిగారి ఉత్తర్వు. వాదించే వకీలు ఆ చనిపోయినవాళ్ళ జాబితాని తానే స్వయంగా విచారించి, నిజమని సోమవారానికల్లా సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే లైసెన్సు పోతుంది.

"ఎప్పటి ఉత్తర్వు ఇది?" అన్నాను.

"మన పెళ్ళి రోజుది. తప్పుకుంటామన్న మెమోలు నలుగురూ ఆ మధ్యాహ్నమే రాశారు. సాయంత్రం వచ్చి మనతో ఫోటో దిగారు."

ఆ ఫోటోలో నలుగురూ చాలా తేలికగా నవ్వుతున్నారు. మా పెళ్ళికి అంత సంతోషించారే అనుకున్నాను అప్పుడు.

ఆ రోజు ఆదివారం. "అయితే వెళ్ళి విచారిద్దాం పదండి," అన్నాను. మీరు అనాలో నువ్వు అనాలో నాకింకా కుదరలేదు. బయట మీరు, స్కూటరు ఎక్కాక నువ్వు.

జాబితాలో ఒక వీధి పేజీ, దానికి ఆధారమని జతచేసిన పార్టీవాళ్ళ ఓటర్ల కాగితం తీసుకున్నాం. కాగితంలో తొమ్మిది పేర్ల మీద ఎర్ర గీత. మొదటిది ఒక దర్జీ ఇల్లు. మెడలో టేపుతో ఒక ముసలాయన తలుపు తీశాడు.

"దర్జీగారి ఇల్లు ఇదేనాండీ?"

"నేనే. గుడ్డ తెచ్చారా?"

"లేదండీ. అంటే... మీరు చనిపోయినట్టు మా దగ్గర ఉంది."

"ఎప్పుడట?"

మా ఆయన జాబితా చూశాడు. "పోయిన ఏడాది."

"అందుకే కాబోలు, మా ఆవిడ ఈ మధ్య నా మీద అరవడం లేదు."

"అరిచినా వినబడదు కనక మానేశాను!" అని లోపలి నుంచి వినబడింది.

ముసలాయన ఎర్ర గీతల కాగితం అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఈ గీత నా ఎదురుగానే కొట్టారు బాబూ. ఎన్నికల ముందు మీ నాయకుడి మనుషులు ఓట్లడగడానికి వచ్చారు. మీకు వెయ్యను అన్నాను. వచ్చినవాడు ఎర్ర పెన్ను తీసి నా పేరు కొట్టేసి పక్కింటికి పోయాడు."

పక్కింటి టీచరమ్మా అదే చెప్పింది. ఎదురింటి డ్రైవరూ అదే చెప్పాడు, కాకపోతే తిట్లు కలిపి. తమకి వెయ్యనన్న వాళ్ళ పేర్ల మీద ఆ పార్టీ మనిషి గీత కొట్టాడు. ఓడిపోయాక పార్టీ ఆఫీసులో ఎవరో ఆ కాగితాలు చూసి, గీత ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళని టైపు చేయించారు.

నేను నోటుబుక్కులో ప్రతి పేరు పక్కనా "ఉన్నారు" అని రాశాను. కాలేజీలో ఇంత మంచి ప్రాజెక్టు ఎప్పుడూ రాలేదు. ఒక్క ఇంట్లోనే ఆ ఇంటాయన నిజంగా లేరు.

"పోయిన మాట నిజమే," అంది ఆయన భార్య. "ఓటేసిన పదో రోజున. ఓటు మాత్రం ఆయనే వేశారమ్మా. క్యూలో వెనకాల నేనే ఉన్నా."

చీకటి పడకుండానే ఇంటికొచ్చాం. మా ఆయన సీనియర్ గారికి ఫోను చేసి, మాకూ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"ఇళ్ళకి వెళ్ళావా? ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?"

"విచారించమని ఉంది కదండీ."

"విచారించడమంటే కాగితం చూడడమయ్యా, మనుషుల్ని చూడడం కాదు. సరే, నువ్వూ తప్పుకో. మెమో నమూనా ఆ ఫైల్లోనే ఉంది. కారణం దగ్గర జ్వరమని రాయి. జ్వరం ఇంకా ఎవరూ వాడలేదు."

"నేను జ్వరమంటే ఎల్లుండి ఇంకొకడు వచ్చి సంతకం పెట్టేస్తాడండీ. కారణం ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

"అలా రాస్తే రేపట్నుంచి నా ఆఫీసు మెట్లెక్కకు. ఈ ఊళ్ళో ఇంకెవరూ నిన్ను చేర్చుకోరు కూడా. కొత్తగా పెళ్ళయినవాడివి, ఆలోచించుకో."

ఫోను పెట్టేసి మా ఆయన నావైపు చూశాడు. పొద్దున్నించీ మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లేదు. మెమో కాగితం బల్ల మీద ఉంది. "కారణం" అని అచ్చేసి, పక్కన రెండు గీతల ఖాళీ.

"రెండు గీతలు చాలవు," అన్నాను. "వెనక కూడా రాయండి." నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాను.

రాశాడు. తొమ్మిది ఇళ్ళకి వెళ్ళాననీ, ఎనిమిది మంది తామే మాట్లాడారనీ, ఎర్ర గీత ఎలా వచ్చిందో ఎవరెవరు చెప్పారో అన్నీ. అత్తగారు తప్పులు దిద్దారు. నోటుబుక్కులో ఎనిమిది పేజీలకీ నంబర్లు వేసి జతచెయ్యమన్నారు. మా ఆయన సంతకం పెట్టాడు. సంతకం బాగానే వచ్చింది.

"రేపు పదిన్నరకి జడ్జిగారు కూర్చుంటారు," అన్నాడు. "మన కేసు మొదటిదే. పదకొండింటికల్లా నాకు ఉద్యోగం ఉండదు."

"అయితే పన్నెండున్నర ఆటకి టిక్కెట్లు తీసుకుంటా," అన్నాను. "పనిరోజు సినిమా మనకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో."

"కోర్టుకి నేనూ వస్తా," అన్నారు అత్తగారు. "సినిమాకి మాత్రం మీరిద్దరే పోండి."