ఏ మాటని క్షమించాలి

వదినగారి కళ్ళలో మందు చుక్కలు వేయడానికి ఆమె సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే, భర్త వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ అదే పాట మొదలుపెట్టాడు.

"అక్క భయపడుతోంది. రేపే ఆపరేషన్. నీ మనసులో ఏదో ఉందని దానికి దిగులు. క్షమించానని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుంది?"

సొమ్ము సంగతెలా ఉన్నా, సెలవు మాత్రం పోయింది. ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్ళు చుక్కలు వేయాలని డాక్టరు చెప్పినప్పుడు, ఇంట్లో ఎవరు ఉండాలన్న ప్రశ్నే రాలేదు. "నీదేముంది, కుట్టుపనే కదా" అన్నాడాయన. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె మిషన్ ముందు ఇప్పుడు ఇంకెవరో కూర్చున్నారు. మిషన్ అంటే చాలు, ఆమెకి ఆస్పత్రి గుర్తొస్తుంది. మొదటి బిడ్డ కడుపులోనే పోయిన రోజు. ఓరగా తీసిన తలుపు, వరండాలో వదిన గొంతు: "కడుపుతో ఉండి డబ్బుకి ఆశపడి ఆ మిషన్ తొక్కింది. చేతులారా చంపుకుంది బిడ్డని." పక్కనే ఆయనా ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు. ఆ మాటకి మాత్రం వయసు రాలేదు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని అందరినీ చల్లగా చూడమంటుంది. వదిన దగ్గరికొచ్చేసరికి పెదవులు కదులుతాయి, మనసు మొరాయిస్తుంది. క్షమించకపోతే చేసిన పూజలన్నీ దండగేమోనని ఒక భయం. క్షమిస్తే ఆ బిడ్డకి అన్యాయం చేసినట్టేమోనని ఇంకో భయం. దేవుడు అడగ్గానే క్షమిస్తాడంటారు. నిజమే కావచ్చు. కానీ ఎవరు ఏం చేశారో ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

గదిలో వదిన మంచానికి చేరగిలబడి ఉంది.

"వచ్చావా? నెమ్మదిగా వెయ్యి తల్లీ, మండిపోతోంది. పగబట్టినట్టు వేస్తావు."

"పగే ఉంటే గురి కుదిరేది కాదు వదినా. తల వెనక్కి వాల్చండి."

వదిన నవ్వబోయి ఆగిపోయింది. చుక్కల సీసా పట్టుకున్న ఆమె మణికట్టు అందుకుంది. "రేపు ఆ బల్ల మీద పడుకోవాలి. ఇంత బరువు పెట్టుకుని పడుకోలేను. క్షమించానని ఒక్కసారి అను."

"దేనికి వదినా?"

"నీకు తెలీదా ఏంటి? మీరు ఫ్రిజ్ కొన్నప్పుడు, దీని మొహానికి ఫ్రిజ్ ఒకటా అన్నాగా. నలుగురిలో అన్నాను. తప్పే."

ఫ్రిజ్! ఆ మాట ఆమెకి గుర్తే లేదు. తనని నిలువునా కోసిన మాట వదినకి గుర్తు లేదు. పాపం, ఈవిడా ఇన్నేళ్ళూ నలిగిందన్నమాట, ఒక ఫ్రిజ్ గురించి. గుమ్మంలోంచి ఆయన, అనెయ్, అనెయ్ అని సైగ చేస్తున్నాడు. అనడానికెంతసేపు? అనేస్తే వదిన హాయిగా నిద్రపోతుంది, ఆయనా నిద్రపోతాడు. మరి తను?

రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది. చెంప మీదికి కారినదాన్ని దూదితో అద్దింది.

"కాసేపు కళ్ళు తెరవకండి. ఫ్రిజ్ మాట ఎప్పుడో మరిచిపోయాను. ఇంకోటుంది." అప్పటికే వెనక్కి తిరుగుతున్న భర్తతో, "మీరూ ఉండండి" అంది.

ఆ రోజు వరండాలో వినబడ్డ మాటని, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తగ్గించకుండా, మొదటిసారి తన నోటితో చెప్పింది.

వదిన మూసిన కళ్ళతోనే గుమ్మం వైపు మొహం తిప్పింది.

"ఒరేయ్, అంత మాట నేనన్నానా?"

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"అన్నావక్కా."

ఆమె సీసాకి మూత బిగించింది.

"ఇప్పుడడగండి వదినా" అంది. ఆయన వైపు చూడకుండానే, "తర్వాత మీరు" అంది.