ఎడమ వెనక టైరు

డ్యాష్‌బోర్డు మీది చిన్న తెర కీచుమంది. ఎడమ వెనక టైరు, ఇరవై అయిదు.

రాధాకృష్ణమూర్తి ఓ క్షణం అటు చూసి, మళ్ళీ రోడ్డు మీదికి చూపు తిప్పాడు. ఘాజీపూర్ సిగ్నల్ దాటి రెండు నిమిషాలైంది. ఇందిరాపురంలో బయల్దేరినప్పుడు నాలుగు టైర్లలోనూ గాలి ముప్ఫై రెండు చూపించింది. పక్క సీట్లో ఉన్న ప్రణతి కళ్ళారా చూసింది. ఆ యంత్రాన్ని ఆయన పోయిన నెలే ఢిల్లీ కశ్మీరీ గేటులో కొన్నాడు. ప్రతి టైరు మూతికీ ఒక సెన్సారు బిరడా, లోపల అగ్గిపెట్టెంత తెర, దానికి సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు. ఈ వారం రోజుల్లో ఆయన దాని గొప్పతనం చెప్పని పూట లేదు.

సరిగ్గా ఈ పొద్దుటే దానికి నిజంగా పని పడింది.

తొమ్మిదింటికల్లా ప్రణతి షాజహాన్ రోడ్డులో కమిషన్ గేటు దగ్గర ఉండాలి. సివిల్స్ ఇంటర్వ్యూ. నాలుగోసారి, వయసు దాటిపోతోంది కాబట్టి ఆఖరిసారి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించకపోతే లోపల కూర్చోవడం కష్టం. అవన్నీ వెనక సీట్లో నల్ల బ్యాగులో ఉన్నాయి. కటవారియా సరాయ్ గదిలో పక్కవాళ్ళ గోలకి చదువు సాగదని, తండ్రికి చిన్నప్పటి స్నేహితుడైన ఈయన, భార్య అన్నపూర్ణేశ్వరి కలిసి ఆమెను వారం ముందే తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఆటో వద్దు, నేనే దింపుతానని ఆయన ఆఫీసుకి సెలవు కూడా పెట్టాడు.

టైము ఎనిమిదీ పది. ముందు కార్లు, వెనక కార్లు, పక్కన లారీ. నిజాముద్దీన్ వంతెన ఇంకా చాలా దూరం.

ఇరవై మూడు.

అప్పుడే కుడివైపు ఒక మోటారు సైకిల్ వచ్చి ఆగింది. నడిపేవాడు అద్దం మీద వేలితో తట్టి, ముందు చక్రం వైపు చూపించాడు. "అంకుల్‌జీ, టైర్ పంక్చర్ హై. ఆగేవాలా." ముందు టైరు పంక్చరట.

రాధాకృష్ణమూర్తి చెయ్యి తలుపు మీదికి పోయింది. ప్రణతి ఆ చెయ్యి పట్టుకుంది.

"దిగొద్దంకుల్. కుడి ముందు టైరు ముప్ఫై రెండుంది చూడండి."

ఆయన తెర చూశాడు. గాలి పోతున్నది ఎడమ వెనక. వాడు చూపిస్తున్నది కుడి ముందు. వాడి వెనక ఎర్ర చొక్కావాడొకడు ఉండాలి, సిగ్నల్ దగ్గర ఆమె చూసింది. ఇప్పుడు బండి మీద లేడు. ప్రణతి మెల్లగా వెనక్కి తిరిగింది. ఎర్ర చొక్కా ఎడమవైపు, వెనక తలుపుకి నాలుగడుగుల దూరంలో, ఫోను చూసుకుంటున్నట్టు నడుస్తోంది.

ఆమెకి మొత్తం అర్థమైపోయింది. పెట్రోలు ఆదా అని ఈయన ప్రతి ఎర్రలైటు దగ్గరా ఇంజను ఆపేస్తాడు. ఘాజీపూర్‌లోనూ ఆపాడు. ఇంజనుతోపాటు తెరా ఆరిపోయింది. ఆ రెండు నిమిషాల్లో ఎవడో టైరులో మేకు దిగ్గొట్టాడు. ఇప్పుడు డ్రైవరు కుడివైపు దిగాలి. దిగితే నాలుగు తలుపుల లాకులూ ఒక్కసారే లేస్తాయి. బ్యాగు ఎడమవైపు నుంచి పోతుంది.

ఆ మాటే గొంతు తగ్గించి చెప్పింది. ఆయన తాళంచెవి వైపు చూశాడు.

"నేనే ఇంజను ఆపాను కదమ్మా," అన్నాడు.

"అది తర్వాత, అంకుల్."

పోలీసులకి ఫోను చేసినా ఈ జామ్‌లో వాళ్ళు వచ్చేసరికి పది దాటుతుంది. పోనీ అలాగే నడుపుదామన్నాడాయన. కారు పది గజాలు కదిలి మళ్ళీ ఆగింది. మోటారు సైకిలూ పది గజాలు కదిలింది. ఎర్ర చొక్కా అడుగు తప్పకుండా పక్కనే వచ్చింది. పద్దెనిమిది. ఎండ అద్దాల మీద పడుతోంది. నిలబడిన బండిలో ఏసీ చల్లదనమే లేదు. చీర వీపుకి అతుక్కుపోయింది. ఊపిరాడాలంటే అద్దం దించాలి. దించితే చెయ్యి లోపలికొస్తుంది.

గాలి కొట్టే పంపు డిక్కీలో ఉందని, కరెంటు వైరు పొడుగ్గానే ఉంటుందని, కానీ టైరు దగ్గర కూర్చోకుండా పని కాదని ఆయన చెప్పుకుపోతున్నాడు. పదకొండు. రిమ్ము రోడ్డుకి తగులుతున్న చప్పుడు మొదలైంది. ఎనిమిదీ ఇరవై ఎనిమిది.

ప్రణతి సీట్ల మధ్య నుంచి వెనక్కి పాకింది. సీటు మీదుగా వంగి డిక్కీలోంచి పంపు అందుకుంది. బ్యాగు జిప్పు తీసి సర్టిఫికెట్ల ఫైలు, కాల్ లెటరు బయటికి లాగింది. అన్నీ లామినేషన్ చేయించినవి, మడతపడవు. ఫైలు కింద పెట్టుకుని దాని మీదే కూర్చుని, పమిట కప్పింది. తర్వాత జిప్పు వేసి, బ్యాగుని ముందు సీట్లోకి తోసింది.

"వాళ్ళకి బ్యాగు కావాలి. దొరికిందాకా కదలరు. మీరు కుడివైపు దిగి, వాడు చెప్పిన టైరే చూస్తున్నట్టు వంగండి. వెనక లాకులు నేను నొక్కి పట్టుకుంటాను."

"అందులో నీ నోట్సు కదమ్మా. మూడేళ్ళది."

"తెలుసు."

"ఒకవేళ ఇవాళ..."

"ఇవాళ పోతే మళ్ళీ రాసే చాన్సు లేదుగా అంకుల్. దాంతో ఇంక పనేముంది?" అంది.

ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని దిగాడు.

లాకులు లేచాయి. ప్రణతి రెండు చేతులూ చాపి వెనకవి రెండూ కిందికి నొక్కింది. ఎర్ర చొక్కా ముందు వెనక తలుపే లాగాడు. అద్దంలోంచి వాడి కళ్ళు ఆమె కళ్ళతో కలిశాయి. నిండా ఇరవై ఏళ్ళు ఉండవు. వాడి చూపు ముందు సీటు మీదికి జారింది. ముందు తలుపు తెరుచుకుంది, బ్యాగు లేచింది, ఎర్ర చొక్కా లారీ వెనక మాయమైంది. మోటారు సైకిల్ కార్ల సందుల్లోంచి దూసుకుపోయింది.

నోట్సులో జిల్లాల పటాలుండేవి, ఆమె చేత్తో గీసినవి. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తల విదిలించి, ముందుకి వంగి తెర ప్లగ్గు పీకేసి పంపు ప్లగ్గు పెట్టింది. సాకెట్ ఒక్కటే. ఆయన బిరడా విప్పి గొట్టం బిగించాడు. పంపు గడగడలాడింది, దాని మీది ముల్లు కదిలింది. పన్నెండు, పదిహేడు, ఇరవై మూడు. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగిస్తూ తిట్టిపోశారు. ఆయన చేతులు జోడించి అందరికీ సారీ చెబుతూనే ఉన్నాడు. ముప్ఫై అయిదు దగ్గర గొట్టం పీకి లోపలికి దూకాడు. టైము ఎనిమిదీ ముప్ఫై ఏడు.

మేకు ఇంకా లోపలే ఉంది. తెర పెట్టడానికి ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు. వంతెన మీద జామ్ వదులైంది. దారిపొడుగునా ఇద్దరూ టైరు చప్పుడే విన్నారు. ఎర్రలైటు దగ్గర ఆయన ఇంజను ఆపలేదు.

కమిషన్ గేటు ముందు కారాగేసరికి తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. వెనక టైరు మళ్ళీ సగానికి కుంగింది. "వెళ్ళమ్మా," అన్నాడు రాధాకృష్ణమూర్తి.

గేటు దగ్గర గార్డు కాల్ లెటరు చూసి, "ఒరిజినల్స్?" అని చెయ్యి చాపాడు.

ప్రణతి ఫైలు ముందుకి పట్టుకుంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం విడివడలేదు. గార్డు రెండోసారి అడిగి, మెల్లగా లాగి తీసుకున్నాడు.